పిన్‌బాల్ బోర్డుకు విడిభాగాలు: ఎక్కువ రేటింగ్ ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు

నమస్కారం. వాలుబల్ల మీద ఉక్కు బంతిని తన్నుతూ ఆడే పిన్‌బాల్ యంత్రం రిపేరుకు కావలసిన ఎలక్ట్రానిక్ భాగాల్లో మన నెల్లూరు, ఒంగోలు దుకాణాల్లో దొరికేవి ఏవి పనికొస్తాయో, ఏవి పనికిరావో ఈ రివ్యూలో ఒక్కొక్కటిగా చేతిలో పట్టుకొని చూపిస్తాను. బల్ల మీదున్నది విలియమ్స్ సంస్థ 1990ల తొలి సగంలో తయారుచేసిన డబ్ల్యూపీసీ (విలియమ్స్ పిన్‌బాల్ కంట్రోలర్) తరం యంత్రంలోని డ్రైవర్ బోర్డు, అంటే కాయిళ్లకూ (కరెంటు పారగానే లోపలి ఇనుప కడ్డీని లాగే తీగచుట్టలు) బల్బులకూ కరెంటు పంపే బోర్డు. కావలిలో పిల్లల ఆటల కేంద్రం నడుపుతున్న యజమాని ఒకరు రెండు ఫిర్యాదులతో దీన్ని పంపించారు. ఫ్లిప్పర్లు, అంటే బంతిని తన్నే చిన్న రెక్కలు, రెండూ ఒక్కసారిగా నొక్కితే ఆట మధ్యలో ఆగిపోయి యంత్రం మళ్లీ మొదటినుంచి మొదలవుతోంది. రెండోది, స్విచ్ వేయగానే ఒక కాయిల్ లాగిపట్టి ఇక వదలడం లేదు.

విడిభాగం కొనేటప్పుడు కౌంటర్ దగ్గర మనకు తరచూ వినిపించే మాట, "ఇది ఇంకా హెవీ సార్, తీసుకెళ్లండి" అన్నది. ఆ మాట కొన్ని భాగాల విషయంలో పూర్తిగా నిజం, మరికొన్నింటి విషయంలో యంత్రానికే ప్రమాదం. ఏది ఎటువైపు వస్తుందో తెలియాలంటే ఆ భాగం బోర్డులో ఏ పని చేస్తోందో ముందుగా తెలుసుకోవాలి.

లాగిపట్టిన కాయిల్‌తో మొదలుపెడదాం. దాన్ని నడిపే ట్రాన్సిస్టర్ టిప్ 102, ఇది ఎన్‌పీఎన్ డార్లింగ్టన్ రకం, అంటే రెండు ట్రాన్సిస్టర్లు ఒకే ఒంటిలో కలిపినది. 100 వోల్టులు, 8 ఆంపియర్లు దీని రేటింగ్. మన దుకాణాల్లో ఎక్కువగా ఇచ్చేది టిప్ 122. కాళ్ల వరుస ఒకటే, వోల్టేజీ కూడా అదే 100, కానీ కరెంటు 5 ఆంపియర్లే. కాయిల్ లాగే క్షణంలో పడే కరెంటు భారాన్ని దృష్టిలో పెట్టుకుంటే 102 స్థానంలో 122 వేయడం నాకు సమ్మతం కాదు. 122 ఉన్నచోట 102 వేయడం మాత్రం అన్ని విధాలా మంచిదే. పాత బోర్డుల్లో టిప్ 120 కనిపించినా నేను 102నే వేస్తాను.

ఈ భాగంలో నకిలీలు కూడా ఉన్నాయి. ఎస్‌టీ, ఆన్‌సెమీ సంస్థలు టిప్ 102 తయారుచేస్తున్నాయి, కానీ పైన ముద్ర ఉన్నంత మాత్రాన లోపల సరుకు అదేనని నమ్మలేము. ముందుగా దూదికి అసిటోన్ అద్ది ముద్ర మీద రుద్దండి. నల్లపూత ఊడి దూదికి అంటుకుంటే అది పాత ముద్ర కనబడకుండా రంగు వేసి తిరిగి అచ్చువేసిన సరుకు. తరువాత మల్టీమీటర్‌ను డయోడ్ స్థానంలో ఉంచి, నల్ల ప్రోబ్ వెనుక లోహపు రేకు మీద, ఎర్ర ప్రోబ్ అటూ ఇటూ ఉన్న కాళ్లలో ఒక్కోదాని మీద పెడితే రెండింటికీ 0.4 నుంచి 0.6 వరకు చూపించాలి. ఎక్కడైనా సున్నా వస్తే ట్రాన్సిస్టర్ షార్టయినట్టే. ఈ పరీక్షలో నకిలీ కూడా తరచూ నెగ్గుతుంది గనుక కరెంటు భారం (లోడ్) పెట్టి చూడడం అవసరం. 12 వోల్టుల బ్యాటరీ తీసుకొని, కారు ఇండికేటర్‌కు వాడే 21 వాట్ల బల్బులు రెండు పక్కపక్కన కలిపి కలెక్టర్ (మధ్య కాలు) వైపు పెట్టి, బేస్‌కు (ముద్ర మనవైపు ఉంటే ఎడమ కాలు) 1 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా పాజిటివ్ అందించండి. బల్బులు నిండుగా వెలుగుతున్నప్పుడు కలెక్టర్‌కూ ఎమిటర్‌కూ (కుడి కాలు) మధ్య వోల్టేజీ కొలిచి, అది 2 వోల్టులు దాటితే ఆ ట్రాన్సిస్టర్‌ను పక్కన పెట్టేయండి. వేడిని లాగేసే హీట్ సింక్ లేదు కాబట్టి కొన్ని సెకన్లకు మించి ఉంచవద్దు. ఈసారి తెచ్చిన సంచిలో ఇలాంటివి రెండు బయటపడ్డాయి, ముద్ర మాత్రం చూడముచ్చటగా ఉంది.

కొత్త ట్రాన్సిస్టర్ వేసే ముందు పాతది ఎందుకు పోయిందో చూడకపోతే కొత్తది కూడా అదే దారి పడుతుంది. వైరు విడదీసి కాయిల్ నిరోధం కొలవండి, 2 ఓమ్‌ల దగ్గరికి దిగిపోయి ఉంటే కాయిలే మార్చాలి. కాయిల్‌కు కరెంటు తెగినప్పుడు ఎగసే వోల్టేజీని అణిచే డయోడ్‌ను కూడా పరీక్షించాలి, అది పాత యంత్రాల్లో కాయిల్ మీదే ఉంటుంది, ఈ బోర్డులో చాలావరకు బోర్డు మీద ఉంటుంది. అసలు డయోడ్ 1ఎన్4004, అంటే 400 వోల్టులు. మన దగ్గర ఏ దుకాణంలోనైనా దొరికే 1ఎన్4007కు 1000 వోల్టులు, కరెంటు మాత్రం అదే 1 ఆంపియర్. నిస్సందేహంగా వేయవచ్చు. ఆ ట్రాన్సిస్టర్‌ను నడిపే చిన్న ట్రాన్సిస్టర్ 2ఎన్5401 కూడా తరచూ దానితోపాటే పోతుంది కాబట్టి రెండూ కలిపి మార్చండి.

ఇక రీసెట్ సమస్య. ప్రాసెసర్‌కు అందాల్సిన 5 వోల్టులు ఈ బోర్డులోనే తయారవుతాయి. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్ నుంచి వచ్చే కరెంటును 15,000 మైక్రోఫారడ్‌ల పెద్ద కెపాసిటర్ నిలకడ చేస్తే, దాన్ని ఎల్ఎం323కే రెగ్యులేటర్ 5కు దించుతుంది. ఏళ్లు గడిచి కెపాసిటర్ ఎండిపోతే, ఫ్లిప్పర్లు ట్రాన్స్‌ఫార్మర్‌ను లాగిన క్షణంలో రెగ్యులేటర్‌కు అందే వోల్టేజీ చాలక 5 వోల్టులు కుంగుతాయి. అది 4.6 దరిదాపులకు దిగగానే కాపలా చిప్ ప్రాసెసర్‌ను రీసెట్ చేస్తుంది. ఇది తెలియక ప్రాసెసర్ బోర్డు మార్చించుకున్నవాళ్లున్నారు, అంత ఖర్చు అనవసరం.

కెపాసిటర్ ఎంపికలో మూడు అంకెలు చూడాలి. అసలుది 25 వోల్టులు, 35 వోల్టులది వేస్తే ఇంకా మంచిది. మైక్రోఫారడ్‌లు మాత్రం 15,000 దగ్గరే ఉండనివ్వండి. 33,000 వేస్తే, స్విచ్ వేసిన ప్రతిసారీ అది నిండడానికి లాగే కరెంటు బ్రిడ్జ్ మీద పడుతుంది. మూడోది ఉష్ణోగ్రత, దీని దగ్గర బేరమాడవద్దు. 85 డిగ్రీలది చవకగా వస్తుంది, కానీ రోహిణీ కార్తెలో మన ఊళ్లలో మూసి ఉన్న గదిలో, చెక్కపెట్టె లోపల, రెక్టిఫయర్ వేడి పక్కనే అది పనిచేయాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే కెపాసిటర్ ఆయుష్షు రెట్టింపవుతుందని ఈ రంగంలో ఒక లెక్క ఉంది. ఆ లెక్కన 105 డిగ్రీలది కొనడానికి పెట్టే అదనపు రూపాయలు వృథా కావు.

బ్రిడ్జ్ 35 ఆంపియర్లు, 200 వోల్టులది. మన దగ్గర సులువుగా దొరికే కేబీపీసీ 3510కు అవే 35 ఆంపియర్లు, 1000 వోల్టులు. రేటింగ్ రీత్యా చక్కగా సరిపోతుంది. అయితే సాధారణంగా చేతికిచ్చేది వెడల్పు రేకు కాళ్లది, బోర్డు రంధ్రాల్లో పట్టదు. చివర డబ్ల్యూ అని ఉన్న తీగ కాళ్ల రకమే అడగండి. రేకులను ఆకురాయితో సన్నగా అరగదీసి దూర్చే ప్రయత్నం చేస్తే రంధ్రం లోపలి రాగిపూత ఊడివస్తుంది, అప్పుడు ఆ బోర్డు మీద పని మూడింతలవుతుంది.

ఎక్కువ రేటింగ్ కూడని భాగాలకు వద్దాం. ఫ్యూజ్ మీద 3 ఆంపియర్లు, స్లో బ్లో అని ఉంటే అదే వేయాలి. 5 ఆంపియర్లది వేస్తే ఫ్యూజ్ కాలక ముందే కాయిల్ కాలుతుంది. ఈ అమెరికన్ యంత్రాల్లోని గాజు ఫ్యూజ్ 32 మిల్లీమీటర్ల పొడవు, మన టీవీల్లో వాడే 20 మిల్లీమీటర్లది ఇందులో కూర్చోదు. పొడవు కుదిరినా స్లో బ్లో అని అడిగి తీసుకోండి, లేకపోతే త్వరగా కాలే రకమే ఇస్తారు.

వోల్టేజీ హద్దు దాటి ఎగసినప్పుడు అణిచే వేరిస్టర్ గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. 115 వోల్టుల దేశం నుంచి వచ్చిన యంత్రానికి ట్రాన్స్‌ఫార్మర్ తీగలు మార్చి 230కి తెచ్చినప్పుడు, కరెంటు ప్రవేశించేచోట ఉన్న 130 వోల్టుల వేరిస్టర్‌ను తీసి 275 వోల్టులది పెట్టాలి. పాతదాన్నే ఉంచితే స్విచ్ వేసిన వెంటనే పగిలి ఫ్యూజ్ ఎగరగొడుతుంది. ఇక్కడ కరెంటు సగమే ప్రవహిస్తుంది గనుక మెయిన్ ఫ్యూజ్ విలువ కూడా తగ్గించాలి. యంత్రం మీద 230కి రాసిన విలువనే పాటించండి.

బల్బుల విషయంలో తక్కువే మేలు. 44 నంబరు బల్బు 250 మిల్లీఆంపియర్లు తీసుకుంటే, అదే 6.3 వోల్టుల 47 నంబరు బల్బు 150 మాత్రమే తీసుకుంటుంది. ఆ మేరకు కనెక్టర్ల మీద వేడి తగ్గుతుంది. సముద్రపు గాలికి తుప్పెక్కిన ఈ కనెక్టర్ చూడండి, ఒక పిన్ దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగింది. పిన్ వదిలేసి వైరునే బోర్డుకు టంకం పెట్టేయడం మన దగ్గర అలవాటు, అలా చేస్తే తరువాతి మెకానిక్ బోర్డు విప్పలేడు. 3.96 మిల్లీమీటర్ల దూరం ఉన్న కొత్త హెడర్ (బోర్డు మీది పిన్నుల వరుస), వైరు వైపు కొత్త పిన్నులు రెండూ కలిపి మార్చాలి, ఒకటే మారిస్తే మళ్లీ కాలుతుంది.

కొనుగోలు సంగతి. డయోడ్లు, రెసిస్టర్లు మన ఊళ్లోనే తీసుకోండి. బ్రిడ్జ్, ఫ్యూజుల కోసం పొద్దున రైలెక్కితే చెన్నై రిచీ స్ట్రీట్‌లో రకరకాలు చూసి ఏరుకోవచ్చు, మధ్యాహ్నానికి పని అయిపోతుంది. టిప్ 102, పెద్ద కెపాసిటర్ మాత్రం తయారీదారుల అధీకృత పంపిణీదారుల దగ్గర ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. తపాలా ఖర్చు పడినా పదేసి చొప్పున తీసుకుంటే గిట్టుబాటవుతుంది. భాగాలు అమర్చాక కాయిళ్ల కనెక్టర్లు పెట్టకుండా ముందుగా 5 వోల్టులు కొలవండి, 4.9కి తక్కువగా ఉంటే మిగతా కనెక్టర్లు పెట్టే ముందే కారణం వెతకండి.