మూడు తొమ్మిదులు చాలవు

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న కోటింగ్ ఆపరేటర్లకు, క్వాలిటీ ల్యాబ్ వాళ్లకు నమస్కారం. షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. అందుకని పొగడ్తలు మానేసి విషయంలోకి వస్తాను.

నాకిచ్చిన అంశం యూవీ, ఎలక్ట్రాన్ బీమ్ సిలికాన్ పూతలు, అంటే అతినీలలోహిత కాంతితో గానీ ఎలక్ట్రాన్ల ధారతో గానీ గట్టిపరిచేవి. ఇలా గట్టిపరచడాన్నే క్యూర్ అంటాం. స్టిక్కర్‌ని లాగగానే వెనక కాగితం నుంచి ఊడి వస్తుందంటే ఆ కాగితం మీదున్న సిలికాన్ వల్లే. గ్లాసిన్ అనే నున్నటి, దట్టమైన కాగితం మీద చదరపు మీటరుకు సుమారు 1 గ్రాము పూస్తాం, అంటే మందం ఒక మైక్రాన్. ప్లాటినం క్యాటలిస్టుతో వేడిచేసే పాత పద్ధతిలో ఓవెన్ సాధారణంగా 120 డిగ్రీలు దాటాలి. ఆ వేడికి కాగితంలో తేమ పోతుంది, పల్చటి ఫిల్మ్ ముడుచుకుపోతుంది. యూవీలో ఆ బాధ లేదు, సాల్వెంటూ లేదు. లాంపు కింద సెకనులోపు పని అయిపోతుంది.

యూవీలో దారులు రెండు. ఒకటి ఎపాక్సీ సిలికాన్. దాన్ని నడిపించే అయోడోనియం లవణాల మీద 1970లలో జనరల్ ఎలక్ట్రిక్‌లో జేమ్స్ క్రివెల్లో పనిచేశారు. దీనికి ఆక్సిజన్ అడ్డు కాదు, కాబట్టి దాన్ని తరిమే నైట్రోజన్ అక్కర్లేదు. వెలుగు తగిలితే ఆ లవణం నుంచి యాసిడ్ పుడుతుంది, ఆ యాసిడే క్యూర్ చేస్తుంది. అందుకే కాల్షియం కార్బొనేట్ పూత ఉన్న కాగితం దీనికి పడదు, యాసిడ్‌ని అది మింగేస్తుంది. గాలిలో తేమ పెరిగినా క్యూర్ నెమ్మదిస్తుంది. విశాఖ లాంటి తీరం ఊళ్లలో వానాకాలంలో చల్లటి రోలర్ మీద నీటి చుక్కలు పట్టాయేమో చూసుకోవాలి. లాంపు దాటాక కూడా ఈ క్యూర్ కొంత సాగుతుంది.

రెండోది ఆక్రిలేట్ సిలికాన్. 100 కిలోలకు 2, 3 కిలోల ఫోటోఇనీషియేటర్, అంటే వెలుగు తగిలితే క్యూర్ మొదలుపెట్టే రసాయనం, కలుపుతాం. అది సిలికాన్‌లో పూర్తిగా కరగదు కాబట్టి వాడే ముందు డ్రమ్ములో బాగా కలియబెట్టాలి. లాంపు దాటాక ఇక క్యూర్ ఉండదు. అయినదే అయింది. దీని శత్రువు ఆక్సిజన్. మిగతా అంశాల సంగతి తర్వాత, టైముంటే చూద్దాం. ముందు ఈ ఆక్సిజన్ గురించి మాట్లాడాలి.

ప్రింటింగ్‌లో వాడే యూవీ ఇంకు పొర మందంగా ఉంటుంది కాబట్టి ఆక్సిజన్ పై మొహాన్ని జిగటగా ఉంచినా లోపల గట్టిపడుతుంది. మన సిలికాన్ ఒక్క మైక్రానే. అందులో లోపల అంటూ ఏదీ లేదు, అంతా పై మొహమే. పైగా ఆక్సిజన్ సిలికాన్‌లోంచి చాలా సులువుగా దూరుతుంది. ఇనీషియేటర్ నుంచి పుట్టి క్యూర్‌ని నడిపించే చురుకైన ముక్కను రాడికల్ అంటాం. దాన్ని ఆక్సిజన్ పట్టేసుకుంటే గొలుసు అక్కడికే ఆగిపోతుంది. అందుకే లాంపు కింద నైట్రోజన్ నింపిన ఛాంబర్‌లో ఆక్సిజన్ 50 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 50, దాటకూడదంటాం. మామూలు గాలిలో ఉండేది దాదాపు 2,10,000.

ఇప్పుడు నా ఫిర్యాదు. ఖర్చు తగ్గుతుందని నైట్రోజన్ జనరేటర్ కొంటారు. కొటేషన్‌లో 99.9 శాతం స్వచ్ఛత అని ఉంటుంది. మూడు తొమ్మిదులు చూసి సంతకం పెట్టేస్తారు. మిగిలిన 0.1 శాతం ఆక్సిజనే అయితే ఎంతో లెక్కవేయండి: 1000 పీపీఎం. మనకు కావలసినదానికి 20 రెట్లు! దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. వాల్వు ఎంత తిప్పినా ఆ 1000 తగ్గి 50 కాదు. ఐదు తొమ్మిదులు, అంటే 99.999 ఉండాలి. అప్పుడు మిగిలేది 10 పీపీఎం. కొనుగోలు విభాగం వాళ్లు ఇక్కడుంటే దయచేసి రాసుకోండి, ఐదు తొమ్మిదులు.

గ్యాస్ మంచిదైనా గాలి ఇంకో దారిన వస్తుంది. నిమిషానికి 200 మీటర్లు పరిగెత్తే కాగితం తన ఒంటికి అంటుకున్న గాలి పొరను కూడా ఛాంబర్‌లోకి లాక్కెళ్తుంది. దాన్ని గుమ్మం దగ్గరే కత్తిలాంటి నైట్రోజన్ ధారతో గీకేయాలి. స్పీడు పెంచి ఆ ప్రవాహం పెంచకపోతే లోపల ఆక్సిజన్ ఎగబాకుతుంది.

ఆక్సిజన్ మీటర్ 30 చూపిస్తోంది కదా అంటారు. ఆ మీటర్ గొట్టం ఎక్కడి నుంచి గాలి పీలుస్తోంది? నైట్రోజన్ వచ్చే మూతి పక్కన పెడితే ఎప్పుడూ బాగానే చూపిస్తుంది. కాగితానికి దగ్గరగా, లాంపు ముందు పెట్టాలి. మీటర్‌లో ఉన్నది వేడి మీద పనిచేసే జిర్కోనియా సెన్సార్ అయితే మరో చిక్కు. మండే ఆవిరి ఏదైనా చేరితే ఆ వేడి సెన్సార్ మీదే కాలిపోయి ఆక్సిజన్‌ని తినేస్తుంది, మీటర్ తక్కువ చూపిస్తుంది. సిలికాన్ ఆవిరి సెన్సార్‌నే పాడుచేస్తుంది. తెలిసిన పీపీఎం ఉన్న గ్యాస్‌తో సరిచూడకుండా ఆ అంకెను నమ్మకండి.

క్యూర్ చాలలేదని ఇనీషియేటర్ ఇంకో కిలో పోయడం మందు కాదు. మిగిలిపోయింది పూతలోనే ఉండి తర్వాత జిగురులోకి దిగుతుంది. లాంపు ముందున్న క్వార్ట్జ్ గాజు మీద తెల్లటి పొడి పట్టిందా చూడండి. ఎగిరిన సిలికాన్ తుంపర అక్కడ సిలికాగా మారుతుంది, వెలుగును అడ్డుకుంటుంది.

ఎలక్ట్రాన్ బీమ్ గురించి రెండు మాటలు. ఇనీషియేటర్ అక్కర్లేదు, 20, 30 కిలోగ్రేల (రేడియేషన్ మోతాదును కొలిచే యూనిట్) మోతాదు సరిపోతుంది. కానీ కాగితంలోని సెల్యులోజ్ గొలుసులు తెగి కాగితం బలం తగ్గుతుంది. ఎక్స్‌రేలకు కవచం కావాలి. ఆక్రిలేట్ సిలికాన్‌కు ఇక్కడా ఆక్సిజన్ బెడద అలాగే ఉంటుంది. నైట్రోజన్ అక్కడా కావాలి.

ఒక మాట ప్రాధేయపడి చెబుతున్నాను. కాగితం తెగితే ఛాంబర్ మూత తీసి తల లోపల పెట్టకండి. నైట్రోజన్‌కి వాసన లేదు, ఊపిరాడనట్టు ముందుగా అనిపించదు, మనిషి అలాగే కూలిపోతాడు. నైట్రోజన్ వాల్వు మూసి, గాలి ఆడనిచ్చి, ఆక్సిజన్ 19.5 శాతం పైన ఉందని చూసుకునే చెయ్యి పెట్టండి.

సగం క్యూర్ అయిన సిలికాన్ ఏం చేస్తుందో తెలుసుగా. జిగురులోకి జారి దాని పట్టు పోగొడుతుంది. జీనోమ్ వ్యాలీలో ఒక వ్యాక్సిన్ సీసా లేబుల్ ఊడిందంటే బ్యాచ్ నంబరు, గడువు తేదీ రెండూ పోయినట్టే.

ఈ బల్ల మీద రెండు ముక్కలున్నాయి. ఒకటి 30 పీపీఎంలో, ఒకటి 1000లో క్యూర్ చేసింది. చూపుకి రెండూ ఒకటే. బొటనవేలితో గట్టిగా రుద్దండి, రెండో దాని మీద నూనె మరకలా జారుతుంది. తర్వాత టేప్ అంటించి, లాగి, జిగురు వైపులు ఒకదానికొకటి అతికించి చూడండి. మొదటిది పట్టుకుంటుంది, రెండోది జారిపోతుంది. ల్యాబ్‌లో అయితే పరీక్షలకు వాడే టేసా 7475 టేప్‌ని పూత మీద అంటించి, చదరపు సెంటీమీటరుకు 70 గ్రాముల బరువు కింద 20 గంటలుంచి, స్టీలు మీద అతికించి, కొత్త టేప్‌తో పోల్చాలి. 90 శాతం పైన పట్టు మిగిలితే రోలు పంపండి. 80 కిందికి వస్తే ఆపండి. రండి, వరుసగా వచ్చి రుద్ది చూడండి.