కావాలి అని అడిగిన ఆడమనిషి

అందరికీ నమస్కారమండి. వెనకాల గోడకి ఆనుకుని నించున్నవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ముందు వరస పెద్దవాళ్ళకని ఎవరూ కూర్చోట్లేదు, ఆ పెద్దవాళ్ళు వచ్చేలోపు నాది సగం అయిపోతుంది.

నాకు ఇచ్చిన టాపిక్ ఏంటంటే, దేశాన్ని నడిపే ఆడవాళ్ళని జనం ఎలా చూస్తారు అని. ఏళ్ళ తరబడి కాలేజీలో సివిక్స్ చెప్పినదాన్ని కాబట్టి ప్రపంచంలో మొదటి మహిళా ప్రధాని ఎవరు, సిరిమావో బండారనాయకే, 1960, సిలోన్, అని అప్పచెప్పేసి కూర్చోవచ్చు, కానీ అవి మీ ఫోన్లో దొరుకుతాయి. నాకు చెప్పాలని ఉన్నది వేరే, కొంచెం గిట్టకపోవచ్చు కూడా.

అమలాపురం నించి నర్సాపురం దాకా ఏ పార్టీ ఆఫీసుకైనా వెళ్ళి ఎంపీ సీటు ఆడవాళ్ళకి ఎందుకివ్వరండీ అనడగండి, ఒకటే మాట, 'మేం ఇద్దామనే అనుకుంటామండి, జనం ఒప్పుకోరు కదండీ'. పాపం జనం. అన్నిటికీ జనమే దొరుకుతారు.

జనం ఏం చేశారో చూద్దాం. 1977లో ఎమర్జెన్సీ అయ్యాక ఎన్నికలొచ్చాయి, ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది, ఇందిరాగాంధీ గారే రాయబరేలీలో ఓడిపోయారు, మన ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 సీట్లకి 41 ఆవిడ పార్టీకే వచ్చాయి. పోయిన ఆ ఒక్కటీ నంద్యాల, అక్కడ నీలం సంజీవరెడ్డి గారు గెలిచారు. అంటే కాకినాడ, రాజమండ్రి, అమలాపురం, నర్సాపురం, ఏలూరు అన్నీ ఆవిడ లెక్కలోకే. ఎమర్జెన్సీ మంచిదా అంటే నా మటుకు నాకు చెడ్డదే, అది వేరే రోజు మాట్లాడుకుందాం, ఇప్పుడు నేను చెప్పేది ఒకటే, దేశం సగం ఆవిడని వద్దనుకున్న రోజు కూడా మన డెల్టా రైతులు, కూలీలు, మగాళ్ళే కదా ఎక్కువ, ఒక ఆడమనిషి మొహం చూసి ఓటేశారు. 1980లో ఆవిడ మెదక్‌లో కూడా నిలబడి గెలిచారు. ఈ మధ్య సంగతి కావాలంటే 2019లో కాకినాడ నించి వంగా గీత గారు, అమలాపురం నించి చింతా అనురాధ గారు, పక్కపక్క సీట్లు రెండూ ఆడవాళ్ళే గెలిచారు, దానివల్లేం గోదావరికి వరద రాలేదు. 2024కి వచ్చేసరికి మన వైపు నించి లోక్‌సభలో ఉన్న ఆడ మనిషి రాజమండ్రి పురందేశ్వరి గారు ఒక్కరే. మొత్తం లోక్‌సభలో 543 మందిలో 74 మంది, అంతకు ముందు 78, అంటే పెరగాల్సింది తగ్గింది.

ఇంకో పక్క చూడండి. 1956 నించి ఆంధ్రప్రదేశ్‌కి ఒక్క ఆడ ముఖ్యమంత్రి లేరు, తెలంగాణకీ లేరు. ఉత్తరప్రదేశ్‌కి 1963లోనే సుచేతా కృపలానీ గారు అయ్యారు, ఒడిశాకి 1972లో నందినీ శతపథి గారు, తమిళనాడు సంగతి చెప్పక్కర్లేదు, మనం వెనకబడ్డదని నవ్వుకునే బీహార్‌కి కూడా 1997లో రబ్రీదేవి గారున్నారు. మనకి లేరు.

మరి ఢిల్లీలో అయితే ఇందిరమ్మ అని దండం పెట్టినవాళ్ళం ఇక్కడికొచ్చేసరికి ఎందుకిలా అంటే, నేను చాలా కాలం ఆలోచించి తేల్చుకున్నది ఇదండీ: ఆడది అధికారంలో ఉంటే మనకి ఇబ్బంది లేదు, ఆ అధికారం నాకు కావాలి అని ఆవిడ నోటితో అడిగితేనే ఇబ్బంది.

సిరిమావో గారు ఎలా వచ్చారు, 1959లో ఆవిడ భర్తని కాల్చి చంపేశారు కాబట్టి వచ్చారు. ఫిలిప్పీన్స్‌లో కొరజాన్ అకీనో గారు 1986లో, ఆవిడ భర్తనీ కాల్చి చంపారు. పాకిస్తాన్‌లో బెనజీర్ గారిది తండ్రిని ఉరి తీసిన ఇల్లు. ఇందిరాగాంధీ గారినైతే 1966లో కామరాజ్ లాంటి కాంగ్రెస్ పెద్దలు తెచ్చి కూర్చోబెట్టారు, మొరార్జీ దేశాయ్ గారి మీద 355కి 169 ఓట్లతో గెలిచారు, మనం చెప్పినట్టు వింటుందిలే అనుకున్నారు, సోషలిస్టు నాయకుడు లోహియా గారైతే మూగ బొమ్మ అన్నారు. ఆ బొమ్మ 1969లో 14 బ్యాంకుల్ని జాతీయం చేసి, తెచ్చిన పెద్దల్నే పక్కన పెట్టేసరికి అప్పుడు మొదలైంది గోల, అహంకారం అని, మొండిదని. మెచ్చుకున్నవాళ్ళు ఏమన్నారు, కేబినెట్‌లో ఉన్న ఒకే ఒక్క మగాడు ఆవిడ అన్నారు! మెప్పు కూడా మగాళ్ళ ఖాతాలోకే పోయింది చూశారా.

దీనికి తిరగేసిన ఉదాహరణ 2004 మే. సోనియాగాంధీ గారు ప్రధాని పదవి వద్దన్నారు. అంతకు ముందు రోజు దాకా విదేశీ అని తిట్టినవాళ్ళు కొంతమంది కూడా ఆహా త్యాగం అన్నారు, మా స్టాఫ్ రూంలో ఆవిడ పేరెత్తితే మొహం చిట్లించే మాస్టారొకాయన ఆ రోజు చాలా మర్యాదగా మాట్లాడారు. వద్దంటే గౌరవం. అదే కావాలంటే?

కావాలంటే ఏమవుతుందో మన తెలుగునాట 1995 ఆగస్టులో చూశాం. ఎన్టీఆర్ గారి ప్రభుత్వం పడిపోయినప్పుడు, ఎమ్మెల్యేలు ఎక్కువమంది చంద్రబాబు నాయుడు గారి వైపు వెళ్ళినప్పుడు, చెప్పిన కారణాల్లో ముందున్నది లక్ష్మీపార్వతి గారి జోక్యం. ఎవరిది ఒప్పు ఎవరిది తప్పు అనేది నేను తేల్చను, ఈ హాల్లో రెండు వైపుల వాళ్ళూ ఉన్నారు, మళ్ళీ నేను బస్‌స్టాండ్ దాకా క్షేమంగా వెళ్ళాలి. నేను గమనించింది ఏంటంటే ఆ రోజుల్లో మన టీకొట్ల దగ్గర ఆవిడ రాజకీయం గురించి చర్చ తక్కువ, ఆవిడ ఆశ గురించి చర్చ ఎక్కువ. 'ఆవిడకెందుకండీ ఆ యావ' అని. ఆ కథలో ఉన్న మగవాళ్ళకెవరికీ ఆశ లేదా? ఉంది, దానికి మనం చురుకుదనం అని పేరు పెట్టుకున్నాం.

ఈ యావ అనే తిట్టు మనకెక్కణ్ణించి వచ్చిందో నేను చెప్తా, మీ ఇంట్లోంచే వచ్చింది, పొలం దగ్గర్నించి వచ్చింది. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకీ సమాన వాటా అని చట్టం తెచ్చింది, దేశం మొత్తానికి అది 2005లో గానీ రాలేదు, అందులో మనం ముందున్నాం. కానీ డెల్టాలో ఎకరం ఖరీదు ఎంతో మీకు తెలుసు, కాలవ కింద పొలం అంటే మాటలా. అందుకని అన్నదమ్ములు చెల్లెల్ని కారులో తీసుకొచ్చి, పట్టుచీర పెట్టి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకుంటారు, ఆ సాయంత్రం అందరూ కలిసి భోజనం చేస్తారు, ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్ళు అరెకరం ఇస్తే మహాలక్ష్మిలా తీసుకోవచ్చు, నా వాటా ఎంత అని అడిగిందనుకోండి, కోర్టుకెక్కిన ఆడది అని ఊరంతా చెప్పుకుంటారు. ఇస్తే పుచ్చుకోవచ్చు, అడక్కూడదు. సీటు దగ్గరా ఇదే రూలండీ. భర్త పోయాక ఉప ఎన్నికలో టికెట్ ఇస్తారు, అది పసుపు కుంకుమల అరెకరం లాంటిది, ఏడుస్తూ పుచ్చుకోవాలి. పదేళ్ళు జెండా మోసిన ఆడ కార్యకర్త నాకివ్వండి అంటే అది వాటా అడిగినట్టు. పోయినేడాది అనుకుంటా, ఇక్కడికి దగ్గర్లో ఒక సర్పంచ్ గారు, పేరూ ఊరూ చెప్పను, ఊళ్ళో నీళ్ళ ట్యాంకు, రోడ్డు అన్నీ దగ్గరుండి చేయించారు, అందరూ దేవత అన్నారు, జడ్పీటీసీకి నేను నిలబడతా అనేసరికి దేవత కాస్తా 'ఎక్కువైంది' అయిపోయింది. ఆవిడ చేసిన రోడ్డు మీదే నడుస్తూ అన్నారు ఆ మాట.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి సంగతి చెప్పకుండా గోదావరి జిల్లాల్లో ఈ టాపిక్ ముగించలేం. 1909లో రాజమండ్రిలో పుట్టారు, ఎనిమిదేళ్ళకి పెళ్ళి చేశారు, పెద్దయ్యాక ఆ పెళ్ళి నాకొద్దన్నారు. 1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీల్నీ ముస్లిం స్త్రీలనీ కలవాలి అంటే, ఆ సభ ఏర్పాట్లు చూసేవాళ్ళు 5,000 రూపాయలు విరాళం పోగెయ్యమన్నారు, ఈ పన్నెండేళ్ళ పిల్ల పోగేసి మీటింగ్ పెట్టించింది. 1923 కాకినాడ కాంగ్రెస్‌లో ఖద్దరు ఎగ్జిబిషన్ గేటు దగ్గర టికెట్ లేదని నెహ్రూ గారినే ఆపేసింది. ఇది అందరికీ తెలుసు, పిల్లల పాఠాల్లో ఉంటుంది. దాని తర్వాత ఆవిడ రాజ్యాంగ సభలో ఉన్న 15 మంది ఆడవాళ్ళలో ఒకరు, సభకి అధ్యక్షత వహించే ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక్క స్త్రీ, సవరణల మీద సవరణలు పెట్టి కొట్లాడిన మనిషి, ఆ సంగతి ఎంతమందికి తెలుసు? 1952లో లోక్‌సభకి నిలబడి ఓడిపోయారు. ఆడదని ఓడించారు అని నేను అనను, ఆ ఏడాది మన వైపు కమ్యూనిస్టుల ఊపులో కాంగ్రెస్ మగ మహామహులు కూడా కొట్టుకుపోయారు. తర్వాత ప్లానింగ్ కమిషన్‌లోకి తీసుకున్నారు, సంఘ సంక్షేమ బోర్డు ఇచ్చారు, గొప్పగా చేశారు. ఇవాళ మనం ఆవిణ్ణి ఏమని గుర్తుపెట్టుకున్నాం? సంఘసేవకురాలు. ఎన్నికల్లో నిలబడ్డ రాజకీయ నాయకురాలిగా గుర్తులేరు. ద్రాక్షారామంలో పుట్టిన దువ్వూరి సుబ్బమ్మ గారిదీ అంతే, చిన్నప్పుడే భర్త పోయాడు, ఊరూరా తిరిగి గొంతెత్తి ఉపన్యాసాలిచ్చి 1922లో జైలుకెళ్ళారు, గొప్ప దేశభక్తురాలు అంటాం, ఆవిడకి రాజకీయ బుర్ర ఉందని అనం. సేవ అంటే చల్లగా ఉంటుంది మనకి.

ఇంక నిర్మలా సీతారామన్ గారు. రక్షణ శాఖ చూశారు, 2019 నించి ఆర్థిక శాఖ చూస్తున్నారు, ఆవిడ విధానాలు నాకు అన్నీ నచ్చుతాయని కాదు, జీఎస్టీ మీద మా తమ్ముడు, కొబ్బరి వ్యాపారం వాడిది, రోజూ తిడుతూనే ఉంటాడు. కానీ మన వాళ్ళు పరిచయం చేసేటప్పుడు ఎలా మొదలెడతారు, 'మన నర్సాపురం కోడలు' అని. కోడలే, కాదనం, పక్కన పెదమైనవానిలంక ఆవిడ దత్తత తీసుకున్న ఊరే. బడ్జెట్ తర్వాత, కోడలు ముందు. 2024లో అమెరికా ఎన్నికలప్పుడు ఇంకా గమ్మత్తు. ఒకావిడ స్వయంగా ప్రెసిడెంట్ పదవికి నిలబడ్డారు, కమలా హారిస్, ఓడిపోయారు, అంతకు ముందు 2016లో హిల్లరీ గారు దేశం మొత్తం మీద 28 లక్షల పైచిలుకు ఓట్లు ఎక్కువొచ్చి కూడా ఓడిపోయారు. మన తణుకు దగ్గర వడ్లూరులో మాత్రం పూజలు చేశారు, వైస్ ప్రెసిడెంట్ అభ్యర్థి గారి భార్య ఉషా వాన్స్ గారి పూర్వీకులది ఆ ఊరు కాబట్టి. సొంతూరి మమకారం అది, తప్పేం లేదు, తమిళనాడులో కమల గారి తాతల ఊరువాళ్ళూ పూజలు చేశారు. ఆడపిల్ల మనదైతే చాలు, ఏం చేస్తోంది అన్నది రెండో సంగతి, అంతే నేనంటున్నది. బ్రిటన్‌లో ఒక కిరాణా కొట్టాయన కూతురు మార్గరెట్ థాచర్ 1975లో సొంత పార్టీ నాయకుడి మీదే పోటీకి దిగి గెలిచి, తర్వాత మూడు ఎన్నికలు గెలిచింది, అలాంటిదాన్ని మనింట్లో ఊహించుకోండి, పెళ్ళి సంబంధం వస్తుందా?

నవ్వారు, బావుంది. ఇప్పుడు కొంచెం లెక్క చెప్తా. 2019లో నోబెల్ వచ్చిన ఎస్తేర్ డుఫ్లో గారు, ఇంకొందరు కలిసి పశ్చిమ బెంగాల్ బీర్‌భూమ్ జిల్లాలో ఒక పరిశోధన చేశారు, 2009లో అచ్చయింది. ఒకే ప్రసంగం రికార్డు చేసి కొంతమందికి మగ గొంతులో, కొంతమందికి ఆడ గొంతులో వినిపించి మార్కులెయ్యమన్నారు. మహిళా రిజర్వేషన్ ఎప్పుడూ రాని ఊళ్ళలో మగాళ్ళు అదే మాటలకి ఆడ గొంతుకి తక్కువ వేశారు. ఆడ ప్రధాన్, అంటే మన సర్పంచ్ లాంటి ఆవిడ, పాలన ఒకసారి చూసిన ఊళ్ళలో ఆ తేడా పోయింది. అయితే అసలు మాట ఇది: చేతనవును అని ఒప్పుకున్నారు గానీ, నాయకుడు ఎవరుండాలి అంటే మగాడే ఉంటే బావుంటుంది అన్న ఇష్టం మాత్రం మారలేదు. చేయగలదు, కానీ చెయ్యకుండా ఉంటే మంచిది! నేను ఇంతసేపూ చెప్తున్నది ఇదే కదా. అయినా సరే, వరసగా రెండుసార్లు రిజర్వేషన్ వచ్చిన ఊళ్ళలో, తర్వాత జనరల్ అయినప్పుడు కూడా ఆడవాళ్ళు నిలబడి గెలవడం పెరిగింది. ఇష్టం మారకుండానే ఓటు మారింది, నాకు అది చాలు.

అందుకే సర్పంచ్ భర్తే కుర్చీలో కూర్చుంటాడండీ, రిజర్వేషన్ ఎందుకు అనేవాళ్ళతో నేను ఏకీభవించను. కూర్చుంటాడు, నిజమే, మన జిల్లాల్లో బోలెడుమంది కూర్చున్నారు. కానీ రిజర్వేషన్ సీటులో ఒక లాభం ఉంది, అక్కడ ఎవరో ఒక ఆవిడ నిలబడి తీరాలి కాబట్టి అడగడం సిగ్గు కాకుండా పోతుంది. వంగా గీత గారు ఈ తూర్పుగోదావరి జిల్లా పరిషత్ చైర్‌పర్సన్‌గా చేసి, రాజ్యసభకి వెళ్ళి, పిఠాపురం ఎమ్మెల్యే అయ్యి, అప్పుడు కాకినాడ ఎంపీ అయ్యారు, కింద మెట్టు లేకపోతే పైకి ఎవరెక్కుతారు. పార్లమెంటుకి ఆ మెట్టు వెయ్యడానికి 1996లో మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకని బిల్లు పెట్టారు, 2010లో రాజ్యసభ దాటింది, 2023 సెప్టెంబర్‌లో లోక్‌సభలో 454 మంది సరే అన్నారు, ఇద్దరు వద్దన్నారు. అంత ప్రేమగా పాస్ చేసి, జనగణన అవ్వాలి, నియోజకవర్గాలు మళ్ళీ గీయాలి, అప్పుడు అమలు అని అందులోనే రాసుకున్నారు. మూడో వంతు సీట్లంటే మన రాష్ట్రం 25లో ఎనిమిదో తొమ్మిదో. ఆ రోజు వచ్చాక పార్టీలు ఎవరి దగ్గరికి పరిగెడతాయి, ఇప్పుడున్న ఎంపీ గారి భార్య, కూతురు, కోడలు దగ్గరికి. ముందే అడిగి ఉంచిన ఆడవాళ్ళు లిస్టులో ఉంటే కనీసం వెతుక్కునే శ్రమ ఉండదు వాళ్ళకి.

కాబట్టి ఇక్కడున్న అమ్మాయిలకి పని సంగతులు చెప్పి దిగిపోతా, రాసుకునేవాళ్ళు రాసుకోండి. పంచాయతీకి నిలబడాలంటే 21 ఏళ్ళు నిండాలి, లోక్‌సభకైనా అసెంబ్లీకైనా 25. ఓటర్ లిస్టులో పేరుండాలి, పెళ్ళయ్యాక అత్తారి ఊరికి మార్పించుకోనివాళ్ళు సగం మంది ఉంటారు, ముందు అది చూసుకోండి. లోక్‌సభ డిపాజిట్ 25,000, ఎస్సీ ఎస్టీలకి అందులో సగం. గుర్తింపు ఉన్న పార్టీ టికెట్ అయితే నామినేషన్ మీద ఒక ఓటరు ప్రతిపాదిస్తే చాలు, ఇండిపెండెంట్‌కైతే పది మంది సంతకాలు కావాలి. ఏ పార్టీ అయినా సరే, మీ మండలంలో ఆ పార్టీ ఆఫీసులో మీ పేరు మీరే రాసి దరఖాస్తు ఇవ్వండి, మావారు ఇస్తారు, మా నాన్నగారు మాట్లాడతారు అనొద్దు, తీసుకున్నట్టు రసీదు అడగండి. ఇంక ప్రశ్నలుంటే అడగండి, ఎనిమిదిన్నర బస్సుకి వెళ్ళాల్సిన లంక ఊళ్ళవాళ్ళు ముందు అడిగెయ్యండి.