తప్పు జవాబు దగ్గర కాసేపు
(చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక లెక్కల టీచరు చేసిన ప్రసంగం)

సార్లకీ మేడమ్‌లకీ నమస్కారం. హెచ్‌ఎం గారు నన్ను పిలిచి, "పరఖ్ సర్వే మీద నాలుగు మాటలు చెప్పండి, మనవాళ్లు డీలా పడ్డారు" అన్నారు. పరఖ్ అంటే పిల్లలకు చదువు ఎంతవరకు వచ్చిందో చూడటానికి దేశమంతా పెట్టిన పరీక్ష. దాని ఫలితాలు చూసి డీలా పడాల్సిన పని లేదు. ఆ సర్వే మీ బడికి గానీ, మీ పిల్లల్లో ఏ ఒక్కరికి గానీ మార్కు వెయ్యలేదు. లెక్క తీసింది రాష్ట్రానికీ జిల్లాకీ. 2024 డిసెంబరు 4న 781 జిల్లాల్లో 74 వేల పైచిలుకు బడులను శాంపిల్‌గా తీసుకుని, 21 లక్షల మంది పిల్లల చేత రాయించారు.

మూడు, ఆరు, తొమ్మిది తరగతులకు పెట్టారు. లెక్కల్లో దేశం సగటు ఆరో తరగతిలో 46 శాతం, తొమ్మిదిలో 37. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి "పై తరగతికి పోయేకొద్దీ వచ్చింది కూడా మర్చిపోతున్నారు" అనేస్తాం. పిల్లలు వేరు, పేపరు వేరు. ఒకదాన్నుంచి ఇంకోటి తీసెయ్యడానికి వీల్లేదు. పైగా ఆరో తరగతి వాళ్లను అడిగింది ఆరో తరగతి పాఠాలు కావు, ఐదు పూర్తయ్యేసరికి రావాల్సినవి. తొమ్మిదో తరగతి వాళ్లను అడిగింది ఎనిమిది వరకు రావాల్సినవి. కాబట్టి మన ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల ఫలితం ఎక్కడుందయ్యా అంటే తొమ్మిదో తరగతి పేరు మీద ఉంది. హైస్కూల్ సార్లు నవ్వుతున్నారు గానీ, ఆ పిల్లలు వచ్చేది మీ క్లాసులోకే.

నాకు సగటు కంటే ఎక్కువ పనికొచ్చింది ఇంకో అంకె. సగం, పావు లాంటి మామూలు భిన్నాలను గుర్తించి, ఏది పెద్దదో ఏది చిన్నదో చెప్పగలిగినవాళ్లు ఆరో తరగతిలో 29 శాతం. నూటికి ముప్పై మంది కూడా లేరు. పదో ఎక్కం దాకా వచ్చినవాళ్లు 53 శాతమే అన్నది కూడా అదే రిపోర్టులో ఉంది, దాని మీద అందరూ మాట్లాడారు. ఎక్కాలు కనీసం బట్టీ పట్టించొచ్చు. భిన్నాలు అలా కుదరవు, అందుకే దాని దగ్గర ఆగుతున్నాను.

మూడింట ఒకటి, నాలుగింట ఒకటి: ఏది పెద్దది? మా ఏడో తరగతిలో ఈ ప్రశ్న బోర్డు మీద రాస్తే సగం చేతులు నాలుగింట ఒకటికే లేచాయి. ఎందుకమ్మా అని ఒక పాపను అడిగితే, "మూడు కంటే నాలుగు పెద్దది కద సార్" అంది. ఆ పాపకు లెక్కలు రావని ఎలా అంటాం? పూర్ణాంకాల్లో నేర్చుకున్న న్యాయాన్ని తు.చ. తప్పకుండా ఇక్కడా పాటించింది. ఇంకో పిల్లాడు సగానికి మూడింట ఒకటి కలిపి అయిదింట రెండు అని రాశాడు. పైవి పైకి కూడాడు, కిందివి కిందికి కూడాడు. ఈ ఇద్దరికీ మార్కు సున్నాయే. కానీ పాపకు కావాల్సింది రెండు కాగితం ముక్కలు మడిచి పక్కపక్కన పెట్టి చూసుకోవడం. పిల్లాడికి కావాల్సింది హారం అంటే ముక్క సైజు అని తెలియడం. ఇద్దరినీ కలిపి "వెనకబడినవాళ్లు" అని రిజిస్టరులో రాసి, సాయంత్రం స్పెషల్ క్లాసులో అదే లెక్క ఇంకోసారి చేయిస్తే వచ్చే లాభం ఏమిటో నాకు అర్థం కాదు.

మూడో రకం సున్నా ఒకటుంది, అది లెక్కల్లోనిది కాదు. ప్రశ్న చదవలేక వదిలేసినవాడు. మనం పక్కన నిలబడి చదివి వినిపిస్తే టక్కున చేసేస్తాడు. ఇంగ్లీషు మీడియంలో వీళ్లు ఎక్కువ. సున్నా వచ్చిన పేపరును లెక్కల టీచరు ఒక్కరే చూస్తే ఇది దొరకదు, తెలుగు టీచరూ ఇంగ్లీషు టీచరూ కూడా చూడాలి.

ఇక పరీక్ష స్కోర్లను బట్టి బడులకు ర్యాంకులు ఇచ్చే సంగతి. అమెరికాలో అట్లాంటా నగరం కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. బడికి స్కోరు పెరిగితే బోనసులు, పెరగకపోతే ఉద్యోగానికే ఎసరు. 2009లో అక్కడి పిల్లలు రాసిన రాష్ట్ర పరీక్ష మీద దర్యాప్తు జరిగి 2011లో నివేదిక వచ్చింది. పరిశీలించిన 56 బడుల్లో 44 చోట్ల మోసం జరిగిందని, టీచర్లు, ప్రిన్సిపాళ్లు కలిపి 178 మందికి ఇందులో చేయి ఉందని తేల్చారు. ఒక బడి టీచర్లయితే శని, ఆదివారాల్లో ఒక ఇంట్లో కూర్చుని పిల్లల జవాబులు చెరిపి దిద్దారట. ఆన్సర్ షీట్లలో తప్పును చెరిపి ఒప్పు చేసిన గుర్తులు మరీ ఎక్కువగా ఉండటంతోనే గుట్టు బయటపడింది. 2015లో 11 మందికి శిక్ష ఖాయమైంది. ఆ పిల్లల సంగతి ఆలోచించండి: చదవడం రానివాడు కాగితం మీద పాసైపోయాడు, వాడికి అందాల్సిన సాయం అందకుండా పోయింది.

మనం అంత దూరం వెళ్లం అని మీరంటారు. వెళ్లం. కానీ సర్వే తేదీ తెలియగానే మామూలు పాఠాలు పక్కనబెట్టి ఓఎంఆర్ షీటులో జవాబు బుడగలు నింపడం ప్రాక్టీసు చేయిస్తాం. బుడగ సరిగ్గా దిద్దడం ఒక గంట నేర్పితే చాలు. మాదిరి పేపర్లు వరసబెట్టి చేయించి తెచ్చుకున్న మార్కును చూసి, పిల్లాడికి భిన్నం వచ్చిందో, ప్రశ్న ఆనవాలు దొరికిందో మనమే చెప్పలేం. మోసం అనను. కానీ థర్మామీటర్‌ను చన్నీళ్లలో ముంచి జ్వరం తగ్గిందన్నట్టే.

సంస్కరణల గురించి పైవాళ్లు మాట్లాడుకుంటారు, మన చేతిలో ఉన్నది ఎస్‌ఏ పేపర్ల కట్ట, అంటే బడిలో మనం పెట్టే సమ్మేటివ్ పరీక్షల పేపర్లు. దిద్దిన వెంటనే మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించి కట్ట బీరువాలో పెట్టేస్తున్నాం. దిద్దేటప్పుడే ఒక తెల్లకాగితం పక్కన పెట్టుకోండి. ఎక్కువమంది తప్పిన ప్రశ్నలు ఒక రెండు తీసుకుని, ఎవరెవరు ఏ తప్పు రాశారో గీతలు పెట్టండి. ఒకే తప్పు కింద గీతలు గుంపుగా పడితే పిల్లల్ని తిట్టకండి, ఆ పాఠం మనం ఎలా చెప్పామో చూసుకోండి.

మా బడి ఆరో తరగతి పేపర్లు పేర్లు తీసేసి జిరాక్సు తెచ్చాను. టీకి ముందు ఒక అరగంట ఉంది. ఇద్దరికో కట్ట తీసుకుని మూడో ప్రశ్న చూడండి. మార్కులు వెయ్యొద్దు. పిల్లాడు ఏమనుకుని అలా రాశాడో మార్జిన్‌లో పెన్సిల్‌తో రాయండి.