నందాదేవి చుట్టూ ఉన్న గోడ: లోపలికి దారి ఎలా దొరికింది?

[తెరపై: ఉత్తరాఖండ్ మ్యాప్. జోషీమఠ్‌కు తూర్పున ఒక గుండ్రటి గీత మెల్లగా గీసుకుంటుంది.]

నందాదేవి శిఖరం ఎత్తు 7,816 మీటర్లు. కాంచన్‌జంగా తర్వాత మన దేశంలో ఇదే ఎత్తయినది. పంతొమ్మిదో శతాబ్దంలోనే సర్వేయర్లు దూరం నుంచి కోణాలు కొలిచి దీని ఎత్తు లెక్కగట్టేశారు. కొన్నాళ్లు ప్రపంచంలో ఇదే అన్నిటికన్నా ఎత్తయిన శిఖరమని కూడా అనుకున్నారు. ఇంత పేరున్న శిఖరం చుట్టూ ఉన్న లోయలోకి మాత్రం 1934 దాకా ఏ పర్వతారోహకుడూ దిగలేకపోయాడు.

ఎందుకో ఈ మ్యాప్‌లో చూడండి. శిఖరం చుట్టూ దాదాపు 110 కిలోమీటర్ల పొడవున పర్వతాల గోడ ఉంది. ఒక్క చోట తప్ప అది ఎక్కడా 5,000 మీటర్ల కన్నా కిందికి దిగదు. లోపల ఉన్నది ఓ పెద్ద కోట అనుకుంటే, దానికి గుమ్మం లేదు, పడమటి వైపు ఒక తూము మాత్రం ఉంది. లోపలి గ్లేసియర్లు, అంటే మెల్లగా కదిలే మంచు నదులు, కరిగిన నీళ్లన్నీ ఆ తూములోంచే బయటికి రావాలి. అదే ఋషి గంగ. చుట్టూ పర్వతాలు పైకి లేస్తున్నకొద్దీ నది కిందికి కోసుకుంటూ పోయింది. అలా పడిన గండికి రెండు పక్కలా నిలువు రాతి గోడలే.

[దృశ్యం: గండి. అడుగున తెల్లటి నురగ.]

1883లో గ్రాహం అనే ఆయన ఈ గండిలోంచి వెళ్లబోయి వెనక్కి తిరిగాడు. 1905లో టామ్ లాంగ్‌స్టాఫ్ తూర్పు గోడ మీది ఒక కనుమ దాకా ఎక్కి లోపలికి తొంగి చూశాడు. లోయ కనిపించింది కానీ దిగలేదు. రెండేళ్ల తర్వాత ఆయనే 7,120 మీటర్ల త్రిశూల్ ఎక్కాడు, గండి దగ్గర మాత్రం ఆయనకీ దారి దొరకలేదు. ఆ తర్వాత హ్యూ రట్లెడ్జ్ మూడుసార్లు వేర్వేరు వైపుల నుంచి వచ్చి, 1932లో ఇక లాభం లేదనుకున్నాడు.

1934లో వచ్చినవాళ్లు ఐదుగురు. ఎరిక్ షిప్టన్, బిల్ టిల్మన్, వాళ్లతో ముగ్గురు షెర్పాలు: అంగ్ థార్కే, పసాంగ్, కుసాంగ్. సాధారణంగా ఈ కథలో మొదటి రెండు పేర్లే వినిపిస్తాయి. గండిలో బరువులు మోసిందీ, దారి వెతికిందీ ఐదుగురూ కలిసే. వీళ్లలో అంగ్ థార్కే 1950లో అన్నపూర్ణ ఎక్కిన ఫ్రెంచ్ జట్టుకు సర్దార్‌గా, అంటే షెర్పాల పెద్దగా వెళ్లాడు.

ఐదుగురే ఎందుకు? ఇక్కడ తిండి లెక్క ఒకటి ఉంది, అది తెలిస్తేనే ఈ కథ అర్థమవుతుంది.

[తెరపై: ఒక మూట, పక్కన 25 కిలోలు అని.]

ఒక పోర్టర్ 25 కిలోలు మోస్తాడనుకోండి. రోజుకి కిలో తింటాడు. పాతిక రోజులు నడిస్తే తన మూట తనే తినేస్తాడు. అంటే దారిలో ఊళ్లు లేని చోటికి ఎంతమందిని తీసుకెళ్తే అంత తిండి కావాలి, ఆ తిండి మోయడానికి ఇంకొందరు కావాలి, వాళ్లకీ తిండి కావాలి. ఆ రోజుల్లో ఎవరెస్ట్ యాత్రలు వందల మంది కూలీలతో సాగేవి. ఋషి గంగ గండిలో అంతమందికి నిలబడటానికే చోటుండదు. షిప్టన్, టిల్మన్ షెర్పాలు తినే సత్తుపిండే తాము కూడా తిన్నారు, సామాను బాగా తగ్గించుకున్నారు. వాళ్లిద్దరి ఖర్చు, ఇంగ్లండ్ నుంచి ఓడ టికెట్లతో సహా, 300 పౌండ్లు కూడా దాటలేదు.

మే నెలాఖరుకి రమణి అనే వాగు ఋషి గంగలో కలిసే చోటు చేరి, పోర్టర్లను వెనక్కి పంపేశారు. అక్కడి నుంచి లోయ నోటి దాకా మిగిలింది కొద్ది కిలోమీటర్లే. దానికి రోజులకు రోజులు పట్టింది.

[దృశ్యం: రాతి గోడకు అడ్డంగా సన్నటి అంచు.]

గండి దక్షిణపు గోడ మీద, నదికి చాలా ఎత్తున, సన్నటి అంచులు కనిపించాయి. ఒకటి అయిపోయేచోట కాస్త పైనో కిందో ఇంకొకటి మొదలవుతుంది. అంచు మీద గడ్డి ఉంటే దాని కింద రాయి కదులుతుందో లేదో కాలు పెడితే గానీ తెలీదు. వీపు మీద మూట గోడకు తగిలితే మనిషి బయటికి తూలిపోతాడు, అందుకే కొన్నిచోట్ల మూట విప్పి తాడుతో లాగాలి. ఒకసారి వెళ్లిన దారినే మళ్లీ వెనక్కి వచ్చి మిగతా మూటలు తేవాలి. జట్టు చిన్నదైతే ఉన్న తంటా ఇదే.

చివర్లో ఒక పెద్ద రాతి కొమ్ము అడ్డం నిలిచింది. దాని అవతల దారి లేకపోతే అంత శ్రమా వృథా. తీరా చూస్తే అంచు దాని చుట్టూ తిరిగి అవతలికి సాగింది. జూన్ మొదట్లో లోపల కాలు పెట్టారు.

లోపల వాళ్లకు కనిపించింది మంచు ఒక్కటే కాదు. గ్లేసియర్ల పక్కన పచ్చిక మైదానాలు, వాటిలో మేస్తున్న భరల్ మందలు, అంటే నీలి గొర్రెలు.

ఇక మ్యాప్ వేయాలి. మూడు కాళ్ల స్టాండు మీద చదునైన బల్ల, దాని మీద కాగితం, చూపు సరిచూసుకోవడానికి ఒక పట్టీ. దీన్నే ప్లేన్ టేబుల్ అంటారు. స్థానం ముందే తెలిసిన మూడు శిఖరాల వైపు పట్టీ పెట్టి గీతలు గీస్తే, అవి కలిసే చోటే మీరు నిలబడ్డ చోటు. అక్కడి నుంచి తెలియని వంపులు, గ్లేసియర్లు ముగిసే చోట్లు గుర్తిస్తూ పోవాలి. మబ్బు కమ్మితే ఆ రోజు పని బంద్.

జూన్ చివర్లో బయటికి వచ్చేశారు. వానలు మొదలైతే ఋషి గంగ దాటడం అసాధ్యం, లోపలే చిక్కుకుపోతారు. ఆ వానాకాలమూ ఖాళీగా కూర్చోలేదు: బద్రీనాథ్ నుంచి గంగోత్రి వైపు ఒకసారి, కేదార్‌నాథ్ వైపు ఇంకోసారి పర్వతాలు దాటారు. రెండోదాంట్లో అడవిలో తిండి అయిపోయి వెదురు మొలకలు వండుకు తిన్నారు. వానలు తగ్గాక మళ్లీ గండిలోంచే వెళ్లి దక్షిణ సగం చూసి, సుందర్‌ఢుంగా కనుమ మీదుగా గోడ దాటి దిగారు.

ఆ దారి మీదే వెళ్లి 1936 ఆగస్టు 29న టిల్మన్, నోయెల్ ఓడెల్ శిఖరం ఎక్కారు. 1950 దాకా మనిషి ఎక్కిన అత్యంత ఎత్తయిన శిఖరం అదే.

[తెరపై: 2021 ఫిబ్రవరి 7. రైణీ గ్రామం.]

ఋషి గంగ పేరు మీరు విని ఉంటే బహుశా ఆ రోజు వచ్చిన వరద వల్లే. రోంతీ శిఖరం నుంచి దాదాపు 2.7 కోట్ల ఘనపు మీటర్ల రాయి, మంచు ఒక్కసారిగా విరిగి పడి వరదగా మారాయి. 200 మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. 1965లో అమెరికా, భారత్ గూఢచారి సంస్థలు నందాదేవి మీద పోగొట్టుకున్న ప్లుటోనియం పరికరం వల్లే ఇది జరిగిందని చాలామంది భయపడ్డారు. కానీ ఆ కొండ చరియ విరిగింది గండికి బయటి వైపు, వేరే వాగు మీద.

లోపలి లోయను 1983లో మూసేశారు. యాత్రికులు వదిలిన చెత్త, వంటచెరకు కోసం నరికిన చెట్లు, మితిమీరిన మేత దానికి కారణాలు. 1988 నుంచి అది యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. మామూలు ట్రెక్కర్లకు లోపలికి పర్మిట్ ఇవ్వరు. శిఖరాన్ని చూడాలంటే జోషీమఠ్ పైనున్న ఔలీ వెళ్లండి, మబ్బు లేని ఉదయాన స్పష్టంగా కనిపిస్తుంది.