ఓడినవాళ్ల కథ, గెలిచినవాళ్ల కలం

అందరికీ నమస్కారం. సినిమా వేసే ముందు కాసేపు మాట్లాడమన్నారు. కథ ముందే చెప్పేస్తానని టెన్షన్ పడకండి, ఈ డాక్యుమెంటరీలో దాచాల్సిన క్లైమాక్స్ ఏమీ లేదు.

బాల్టిక్ సముద్రం తూర్పు ఒడ్డున, ఇవాళ్టి లిథువేనియా, లాత్వియా, రష్యాలోని కాలినిన్‌గ్రాడ్, ఉత్తర పోలండ్ ప్రాంతాల్లో బతికిన తెగల చరిత్ర ఇది. ప్రష్యన్లు, లిథువేనియన్లు, కురోనియన్లు, సెమిగాలియన్లు, ఇంకా చాలామంది. ఉరుముల దేవుడు పెర్కూనాస్‌కి, ఓక్ చెట్లకి, నిప్పుకి మొక్కేవాళ్లు. ఇది వినగానే మనవాళ్లు కొందరు "అంతా మన దగ్గర్నుంచే వెళ్లింది" అని వాట్సాప్‌లో మొదలుపెడతారు. లిథువేనియన్‌కీ సంస్కృతానికీ చుట్టరికం ఉన్నమాట నిజమే, కానీ రెండూ ఒకే పాత భాష నుంచి వేర్వేరు దారుల్లో వచ్చాయి, ఇక్కణ్నుంచి ఎవరూ మూటాముల్లె సర్దుకుని అక్కడికి పోలేదు.

అసలు చిక్కేంటంటే, వీళ్లు తమ దేవుళ్ల గురించి తాము ఏమీ రాసిపెట్టుకోలేదు. రాసింది వాళ్ల మీద దండెత్తి వచ్చినవాళ్లు. ఉదాహరణకి పీటర్ ఆఫ్ డుస్‌బుర్గ్, ట్యుటానిక్ క్రూసేడర్ల సంఘంలో, అంటే క్రైస్తవం పేరుతో యుద్ధాలు చేసే జర్మన్ యోధుల సంఘంలో, పూజారి, 1326లో రాశాడు: ప్రష్యన్లు సూర్యుణ్ని, చంద్రుణ్ని, ఉరుముల్ని, ఆఖరికి కప్పని కూడా పూజిస్తారట, రోముకి పోప్ ఉన్నట్టు వీళ్లకి క్రివే అనే పెద్ద పూజారి ఉన్నాడట. చాలామంది చరిత్రకారులకి ఈ పోప్ పోలిక మీద అనుమానమే. తన మతానికి అచ్చంగా తలకిందుల బొమ్మ గీస్తే చంపడం తేలిక కదా! కాబట్టి ఇలాంటి సినిమాల్లో తెల్లగడ్డం పూజారి పొగమంచులోంచి నడిచొస్తే, ఆ సీను ఎవరి కలం నుంచి వచ్చిందో కాస్త ఆలోచించండి.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది ప్రష్యన్ల కథ. 1260లో పెద్ద తిరుగుబాటు లేచింది, అందులో ఒక నాయకుడు హెర్కుస్ మోంటే మాగ్డెబర్గ్‌లో క్రైస్తవ చదువు చదువుకున్నవాడు, శత్రువు యుద్ధం ఎలా చేస్తాడో తెలిసినవాడు, ఏళ్ల తరబడి పోరాడాడు, చివరికి ఉరితీశారు. 1283కల్లా ప్రష్యన్ల నేల మొత్తం ట్యుటానిక్ సంఘం చేతిలోకి పోయింది. మెల్లగా భాష కూడా పోయింది, 18వ శతాబ్దం మొదట్లో ఆఖరిగా మాట్లాడినవాళ్లూ పోయారు. విడ్డూరం చూడండి, సరిగ్గా అదే కాలంలో, 1701లో, ఒక జర్మన్ పాలకుడు "ప్రష్యాలో రాజు"నని కిరీటం పెట్టుకున్నాడు. మనుషుల్ని మింగి పేరు మాత్రం ఉంచుకున్నారన్నమాట.

లిథువేనియా మాత్రం నిలబడింది, కారణం భక్తి కాదు, రాజ్యం. 1377లో అక్కడి పాలకుడు అల్గిర్దాస్ చనిపోతే పాత పద్ధతిలోనే గుర్రాలతో సహా దహనం చేశారు, పదేళ్లకే అతని కొడుకు యొగైలా, పోలండ్ సింహాసనం కోసం బాప్టిజం తీసుకున్నవాడు, దేశాన్నీ క్రైస్తవంలోకి తెచ్చాడు. లిథువేనియాలోనే జెమైతియా ప్రాంతం మాత్రం 1413 దాకా మతం మారకుండా ఆగింది.

మరి వాళ్ల సొంత గొంతు ఎక్కడా లేదా? కొంత పాటల్లో ఉంది. లాత్వియాలో క్రిష్యానిస్ బారోన్స్ 1894 నుంచి 1915 వరకు అచ్చువేసిన దైనాలు, అంటే జానపద పాటలు, రెండు లక్షలకు పైనే, ఎక్కువ నాలుగు పాదాల పాటలే. వాటిలో సూర్యుడు ఆడమనిషి, గుర్రాలు తోలుతుంది, కూతురికి పెళ్లి చేస్తుంది. వందల ఏళ్ల క్రైస్తవం తర్వాత సేకరించినవి కాబట్టి వాటినీ గుడ్డిగా నమ్మలేం, అయినా ఆ పాటలు కట్టింది ఆ ఊళ్ల జనమే. సినిమాలో కత్తియుద్ధాల దగ్గర ఫోన్ చూసుకున్నా ఏం కాదు, పాట వచ్చినప్పుడు మాత్రం సబ్‌టైటిల్స్ వదలకండి.