పిల్లికి కుక్క ముఖం తొడిగితే? మిక్కీ వేషం సంగతి పిల్లలకి ఎప్పుడు తెలుస్తుంది

నమస్కారం. సెలవులు దగ్గర పడ్డాయంటే చాలు, అమెరికాలో ఉన్న మనవాళ్ల నుంచి నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. "మిక్కీ వేషంలో ఉన్నది మనిషేనని మా పాపకి ఏ వయసులో తెలుస్తుందండీ? ఆ లోపే ఒర్లాండోలో డిస్నీ పార్కుకి తీసుకెళ్లిపోవాలి కదా?"

ఈ ప్రశ్న వెనకున్న నమ్మకం నాకు చిరాకు తెప్పిస్తుంది. నిన్నటిదాకా నమ్మింది, ఇవాళ నిజం తెలిసిపోయింది, మనసు విరిగిపోయింది, అంతా ఒక్క రోజులో అయిపోతుందని మన లెక్క. అలా జరగదు. ఎలా జరుగుతుందో చెప్పాలంటే ముందు మీకు ఒక పిల్లిని పరిచయం చెయ్యాలి.

[స్క్రీన్ మీద: నల్లపిల్లి బొమ్మ]

ఆ పిల్లి పేరు మేనార్డ్. రీటా డెవ్రీస్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1969లో ప్రచురించిన పరిశోధనలో హీరో ఇదే. మూడేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పిల్లల్ని ఒక్కొక్కరినీ మేనార్డ్ దగ్గరికి తీసుకొచ్చారు. నిమరమన్నారు. ఇదేంటని అడిగితే అందరూ పిల్లి అనే చెప్పారు. తర్వాత పిల్లి ముందు సగాన్ని ఒక అడ్డు వెనక్కి జరిపి, దాని తలకి కోపంగా చూస్తున్న కుక్క ముఖం మాస్కు తొడిగారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ మాస్కు తొడుగుతున్నంతసేపూ పిల్లి వెనక సగం, తోకతో సహా, పిల్లల కళ్లముందే ఉంది. జంతువుని మార్చేశారనుకోవడానికి వీల్లేదు.

అడ్డు తీశారు. ఇప్పుడిదేంటి? మొరుగుతుందా?

మూడేళ్లవాళ్లలో చాలామంది అది కుక్క అయిపోయిందన్నారు. కొందరు దగ్గరికి రావడానికి కూడా జంకారు. ఇందాక వాళ్లు నిమిరింది ఆ పిల్లినే, దాని తోక ఒక్క క్షణం కూడా కనుమరుగు కాలేదు. అయినా సరే. ఆరేళ్లవాళ్లు మాత్రం అది పిల్లేనని, ముఖం మాస్కని గట్టిగా చెప్పారు. ఈ రెండు వయసులకీ మధ్య ఉన్న పిల్లలు తడబడ్డారు.

ఇప్పుడు పార్కుకి వద్దాం. రెండున్నరేళ్ల బాబు మిక్కీ స్నేహితుడు గూఫీని చూడగానే వాళ్ల నాన్న కాళ్లకి చుట్టుకుపోయి ఏడుస్తున్నాడు. టీవీలో జానెడు ఉండే గూఫీ ఇక్కడ నాన్న కంటే ఎత్తుగా ఉన్నాడు. నవ్వుతున్న ముఖం నవ్వుతూనే ఉంది, కదలట్లేదు, మాట్లాడట్లేదు. వెనక క్యూ పెరుగుతోంది, అమ్మ ఫోన్ పట్టుకుని రెడీగా ఉంది. నాన్న ఏమంటాడు? "లోపల ఉన్నది అంకులేరా, భయమెందుకు!"

ఆ మాట ఆ వయసులో పనిచెయ్యదు. మేనార్డ్ తోక కళ్లముందే ఉన్నా పనిచెయ్యలేదు, నోటిమాట ఎలా పనిచేస్తుంది? పైగా గూఫీ లోపల ఇంకో మనిషి ఉన్నాడంటే ఆ పసివాడికి అది ధైర్యమో, ఇంకో భయమో మనం చెప్పలేం.

మన ఊళ్లలో పులి వేషం చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. ఒంటి మీద పసుపు రంగు పూసి చారలు దిద్దుతుంటే పిల్లలంతా చుట్టూ నిలబడి చూస్తారు. వేషం కట్టేది ఎవరో వాళ్లకి తెలుసు. డప్పు మోగి ఆయన ఒక్క గంతు వేశాడంటే ఆ పిల్లలే అమ్మ చెంగు వెనక్కి దూరతారు. ఏడ్చే పిల్లాణ్ని బలవంతంగా తీసుకెళ్లి వేషం కట్టినవాళ్ల ఒళ్లో కూర్చోబెట్టి ఫొటో తియ్యడం నాకు అస్సలు నచ్చదు. ఆ ఫొటో పెద్దవాళ్ల కోసం, పిల్లాడి కోసం కాదు.

సరే, మూడేళ్లకీ ఆరేళ్లకీ మధ్య ఏం మారుతుంది?

[స్క్రీన్ మీద: బూడిదరంగు రాయి]

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జాన్ ఫ్లావెల్ అనే సైకాలజిస్టు బృందం 1983లో పిల్లలకి ఇలాంటి రాయినొకటి చూపించింది. చూడ్డానికి అచ్చం రాయి, నొక్కితే స్పాంజి. పిల్లల చేత కూడా నొక్కించి, రెండు ప్రశ్నలు వేశారు: కంటికి ఇది ఎలా కనిపిస్తోంది? నిజంగా ఇది ఏంటి? నాలుగైదేళ్ల పిల్లలు రాయిలా కనిపిస్తోంది, నిజానికి స్పాంజి అని చెప్పగలిగారు. మూడేళ్లవాళ్లు ఎక్కువమంది రెండు ప్రశ్నలకీ ఒకటే జవాబిచ్చారు. ఒకే వస్తువు ఒకలా కనిపిస్తూ ఇంకొకటి అయి ఉండటం, ఈ రెండిటినీ ఒకేసారి పట్టుకోవడం వాళ్లకి కష్టం. బీజింగ్‌లో చైనా పిల్లల్ని అడిగినా దాదాపు ఇదే వరస. కాబట్టి మీ పెంపకంలో లోపమేమీ లేదు.

దీనికి కొనసాగింపుగా ఇంకో పరిశోధన ఉంది, నాకు చాలా ఇష్టమైనది. 2000లో కొందరు పరిశోధకులు మాటలతో అడగడం తగ్గించి, మూడేళ్ల పిల్లల్ని పని అడిగారు. ఇక్కడ నీళ్లు ఒలికాయి, తుడవడానికి ఏదైనా ఇవ్వు అన్నారు. మాటల్లో తడబడే వయసు పిల్లలే ఆ రాయిలాంటి స్పాంజిని తీసి చేతిలో పెట్టారు. నోటికి రాని సంగతి చేతికి అప్పటికే తెలుసు! ఇక "ఏ రోజున తెలిసింది" అని తేదీ ఎలా వేస్తాం?

మా అక్క కూతురికి అప్పుడు నాలుగేళ్లు దాటాయి. ఒక పుట్టినరోజు ఫంక్షన్‌కి వెళ్లాం. ఫంక్షన్ హాల్ గుమ్మం దగ్గర మిక్కీ, చోటా భీమ్ వేషాల్లో ఇద్దరు నిలబడి చేతులు ఊపుతున్నారు. మే నెల. భోజనాల వేళ ఇది చెయ్యి కడుక్కోవడానికి వెనక వైపు వెళ్లింది. అక్కడ మిక్కీ తల తీసి కుర్చీలో పెట్టి, ఒక కుర్రాడు బాటిల్ ఎత్తి గటగటా నీళ్లు తాగుతున్నాడు. జుట్టంతా తడిసి నుదుటికి అతుక్కుపోయింది. తెల్ల గ్లవ్స్ మాత్రం చేతులకే ఉన్నాయి. ఇది కాసేపు చూసి, పరిగెత్తుకొచ్చి ఏం చెప్పిందో తెలుసా? "అమ్మా, మిక్కీ అన్నయ్యకి చెమట పట్టింది!"

మిక్కీ అన్నయ్య. అరగంట తర్వాత ఆ కుర్రాడు తల పెట్టుకుని గుమ్మం దగ్గరికి రాగానే వెళ్లి, మిక్కీకే షేక్‌హ్యాండ్ ఇచ్చి వచ్చింది. ఏడుపు లేదు, మోసపోయానన్న బాధ లేదు.

మనం రెండు ప్రశ్నల్ని కలిపేస్తున్నాం. ఇక్కడ నిలబడ్డది మిక్కీయేనా అన్నది ఒకటి. అసలు మిక్కీ అనేవాడు ఉన్నాడా అన్నది ఇంకొకటి. మొదటిది తేలిపోయాక కూడా రెండోది ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. శాంటాక్లాజ్‌ వేషధారిని కలిసిన పిల్లల మీద 2016లో ప్రచురించిన పరిశోధనలోనూ ఇదే కనిపిస్తుంది. ఇతనే శాంటా అనేవాళ్లు కొందరు. ఇతను శాంటా కాదు, కానీ మనం చెప్పింది శాంటాకి చేరవేస్తాడు అనేవాళ్లు కొందరు. ఈ నడిమి మెట్టు మీద పిల్లలు హాయిగా ఉంటారు.

మేనార్డ్ దగ్గరికే మళ్లీ వస్తా. మాస్కు ఉంటే కనీసం అంచు కనిపిస్తుంది. సిండరెల్లాకి ఏ అంచూ ఉండదు! డిస్నీ పార్కుల్లో యువరాణులుగా ఉండేవాళ్లది సొంత ముఖమే. పిల్లలతో మాట్లాడతారు, పేరు అడుగుతారు, సినిమాలో సిండరెల్లాకి స్నేహితులు ఎలకలే కదా, "మీ ఎలకలు ఎలా ఉన్నాయి" అంటే జవాబు చెప్తారు. ఆరేళ్ల పాప మిక్కీని చూసి "అది డ్రెస్సు" అని, పక్కకి తిరిగి సిండరెల్లాకి సిగ్గుపడుతూ నమస్తే పెట్టిందంటే అందులో తప్పేముంది? తన దగ్గరున్న ఆధారాలతో తను సరిగ్గానే తేల్చింది.

ఆధారాలు అంటే గుర్తొచ్చింది. వాటిని దాచడానికి పెద్దవాళ్లు పడే శ్రమ మామూలుది కాదు. ఫ్లోరిడాలో 1971లో తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్ కింద వేషధారులు, సిబ్బంది తిరగడానికి సొరంగాల్లాంటి దారులున్నాయి. అక్కడ నేలలో నీళ్లు పైనే ఉంటాయి కాబట్టి తవ్వలేక, ఆ దారుల్ని నేలమట్టానికి కట్టి, మట్టి పోసి, పైన పార్కు లేపారు. మనం నడిచేది రెండో అంతస్తు మీద అన్నమాట. ఒక మిక్కీ పక్కన ఇంకో మిక్కీ కనిపించకుండా చూస్తారు. ఎవరు వేషం కట్టినా ఆటోగ్రాఫ్ ఒకేలా ఉండాలి. జనంలో తల తియ్యకూడదు. పద్నాలుగేళ్లు దాటిన సందర్శకులు వేషం వేసుకుని లోపలికి రాకూడదు. ఇన్ని కట్టుదిట్టాల మధ్య నాలుగేళ్ల పిల్ల నమ్మితే అమాయకత్వం అంటామా?

తెలివి పెరిగితే నమ్మకం తగ్గుతుందనుకుంటాం, అదీ ఎప్పుడూ నిజం కాదు. జాక్వెలిన్ వూలీ అనే సైకాలజిస్టు బృందం 2004లో ప్రచురించిన పరిశోధనలో పిల్లలకి అంతకుముందు ఎవరూ వినని "క్యాండీ విచ్" అనే పాత్ర గురించి చెప్పారు. పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయి పోగుచేసుకునే హాలోవీన్ పండగ రాత్రి వచ్చి, ఆ మిఠాయి తీసుకుని బొమ్మ పెట్టి వెళ్తుందన్నమాట. కొందరి ఇళ్లలో తల్లిదండ్రులు నిజంగానే బొమ్మ పెట్టారు. ఆ ఇళ్లలో గట్టిగా నమ్మింది చిన్నవాళ్లు కాదు, వాళ్లకంటే పెద్ద పిల్లలు! మిఠాయి పోయింది, బొమ్మ వచ్చింది, కాబట్టి వచ్చి వెళ్లింది. తర్కం బాగానే ఉంది, సాక్ష్యం పెట్టింది మనం.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా.

భయపడే పిల్లల్ని దూరం నుంచి చూడనివ్వండి. వేరే పిల్లలు చేతులు కలపడం చూశాక వాళ్లే ఒక అడుగు వేస్తారు, వెయ్యకపోతే ఐస్‌క్రీమ్ కొనిపెట్టి వచ్చెయ్యండి.

"లోపల ఎవరున్నారు?" అని అడిగితే "నీకేమనిపిస్తోంది?" అని తిరిగి అడగండి. జవాబుని బట్టి మాట్లాడండి. "మనిషే కదా?" అని సూటిగా అడిగితే అవుననే చెప్పండి. అలా అడిగే పిల్లలకి సగం తెలిసే ఉంటుంది, అబద్ధం చెప్తే వాళ్లు అనుమానించేది మిక్కీని కాదు, మిమ్మల్ని.

ఇక "లోపే తీసుకెళ్లాలి" అన్న ఆ టెన్షన్ వదిలెయ్యండి. ఏడెనిమిదేళ్లవాళ్లు వేషమని తెలిసే ఆటోగ్రాఫ్ పుస్తకం పట్టుకుని క్యూలో నిలబడతారు. మూడేళ్లవాళ్లకి పెద్దయ్యాక ఆ ట్రిప్పు గుర్తుండటమే అరుదు.

ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఒక జాగ్రత్త. పెద్దాడు చిన్నదాని ముందు "లోపల మనిషే, జిప్పు చూడు" అని అరుస్తాడు. ముందురోజు రాత్రే వాణ్ని విడిగా కూర్చోబెట్టి, చెల్లికి తనంతట తను కనిపెట్టే అవకాశం ఇద్దామని చెప్పండి. ఆ బాధ్యత ఇస్తే వాళ్లు చాలా బాగా మోస్తారు. మీ పిల్లలు ఏ వయసులో ఏమన్నారో కామెంట్లలో రాయండి, వచ్చే వీడియోలో పిల్లల ఊహా స్నేహితుల గురించి మాట్లాడుకుందాం.