తల ఊపితే ఒప్పుకున్నట్టేనా?

అందరికీ నమస్కారం.

శిక్షణ తరగతుల్లో ఒక స్లయిడ్ తప్పకుండా కనిపిస్తుంది. మనం చెప్పేదానిలో మాటల వాటా 7 శాతమేనని, గొంతుది 38, ముఖానిది 55 అని. దయచేసి దాన్ని తీసేయండి. ఆ అంకెలకు మూలం మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో ప్రచురించిన ప్రయోగాలు. అవి విడివిడి మాటలతో, ఇష్టాయిష్టాల గురించి చేసినవి. పని గడువుల చర్చకు ఆ లెక్క పనికిరాదు. భావాల గురించి మాట్లాడేటప్పుడు తప్ప ఇది వర్తించదని ఆయనే చెప్పారు.

అసలు చిక్కు ఎక్కడ వస్తుందో నేను కళ్లారా చూశాను. రెండు దేశాల వాళ్లున్న ఒక వీడియో మీటింగ్. "శుక్రవారానికి అయిపోతుంది కదా?" అని మేనేజర్ అడిగారు. అవతల ఇంజనీరు రెండుసార్లు తల ఊపాడు. ఆమె నోట్‌బుక్‌లో టిక్కు పెట్టుకున్నారు. శుక్రవారం పని అందలేదు. "మొహం మీదే అబద్ధం చెప్పాడు" అన్నారామె, చాలా బాధగా. తర్వాత అతన్ని విడిగా అడిగాను. "వింటున్నానని తల ఊపానండీ. కుదరదని అంతమంది ముందు ఆవిడతో ఎలా అంటాను?" అన్నాడు.

మనం కథ వింటూ ఊ కొడతాం. ఊ కొట్టినంత మాత్రాన కథంతా నమ్మినట్టు కాదు కదా! జపాన్‌లో వినేవాళ్లు మధ్యమధ్యలో "హాయ్, హాయ్" (వాళ్ల భాషలో ఔను, ఔను) అంటూ తల ఊపుతుంటారు. ఐజుచి అంటారు దీన్ని. వింటున్నాను, చెప్పండి అనే దాని భావం. బల్గేరియాలోనైతే తల అడ్డంగా ఊపడమే ఔననడం.

అలాగని దేశానికో సైగల పట్టిక బట్టీ పట్టించడం నాకు ఇష్టం ఉండదు. మానవ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1966లో మనుషుల మధ్య దూరాలను కొలిచి చెప్పారు: 4 నుంచి 12 అడుగులు పనిమాటల దూరమని. ఆయన గమనించింది ముఖ్యంగా అమెరికా ఈశాన్య తీరపు మధ్యతరగతి వాళ్లను. ఆ సంగతి ఆయనే రాశారు. మనం మాత్రం ఆ అంకెలను లోకమంతటికీ కొలబద్ద చేసేశాం. ఒకే దేశంలోనూ ఇద్దరు ఒకలా ఉండరు.

ఆ మేనేజర్‌కు నేను చెప్పింది ఒక్కటే: తల ఊపి తప్పించుకోలేని ప్రశ్న అడగండి, అడిగాక ఆగండి. తర్వాతి మీటింగ్‌లో ఆమె, "ఇందులో ఎక్కువ టైమ్ పట్టేది ఏది?" అన్నారు. అతను మాట్లాడలేదు. ఆమె ఆ మౌనాన్ని పూడ్చబోయి, పెదవి బిగబట్టి ఆగిపోయారు. ఏడెనిమిది సెకన్లు గడిచాయి.

"టెస్టింగ్‌కే నాలుగు రోజులు కావాలండీ" అన్నాడతను.